రెండోసారి దగ్గర ఆగిన పాట

జూన్ 3

దిమ్మె మీద వేసుకునే కోటు చిరిగిపోయిందని దర్జీ దగ్గరికి వెళ్లాను. మెడ కొలత తీస్తూ టేపు వదిలేశాడు. "ఇక్కడేంటమ్మా, కోడిగుడ్డు మింగినట్టుంది" అన్నాడు. వాడి నోరెప్పుడూ అంతే. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి గుటక వేశాను. గడ్డ పైకి పోయింది, మళ్లీ కిందికి దిగింది.

ఇరవై ఏళ్లుగా కూరగాయల యార్డులో దిమ్మెక్కి వేలం వేసే మనిషికి మెడ ఉబ్బకుండా ఎలా ఉంటుంది? కసరత్తు చేసేవాడికి కండలు రావా? ఇదీ అంతే.

జూన్ 4

ఇవాళ కూడా ఉంది.

జూన్ 12

ఊరికే క్లినిక్‌కి వెళ్లాను. మా ఆయనకి చెప్పలేదు. ఆయన స్కూలు బస్సు తోలుకుని రెండో ట్రిప్పుకి పోయాక వెళ్లి, తిరిగొచ్చేలోపు ఇంట్లో ఉన్నాను. డాక్టరు మెడ మీద వేళ్లు పెట్టి నీళ్లు తాగమంది. తాగాను. స్కానింగుకి రాసింది. స్కానింగువాళ్లు సూది పరీక్షకి పంపారు. ఒకళ్లు ఇంకొకళ్ల దగ్గరికి పంపడం తప్ప వీళ్లకి వేరే పని లేదు.

సూది గుచ్చిన చోట మచ్చ కనపడకుండా స్కార్ఫు కట్టుకుని యార్డుకి వెళ్లాను. వదిన చూడనే చూసింది. దిమ్మె కింద బల్ల వేసుకుని చీటీలు రాస్తూ ఉంటుంది గానీ ఆవిడ చూపు మాత్రం చీటీ మీద ఉండదు.

"ఈ ఉక్కలో మెడకి ఆ గుడ్డేంటి?"

"జలుబు వదినా."

"జలుబు ముక్కుకి కదా చేసేది."

ఆవిడతో ఇదే బాధ. మా ఆయనకి అక్క. మొగుడితో పడక మా మేడ మీది గదిలోకి వచ్చినప్పట్నుంచీ నా కిందే పని చేస్తోంది. నేను 'మూడోసారి' అనగానే కొన్నవాడి పేరు రాసి చీటీ చించి ఇస్తుంది. పని వంకపెట్టడానికి లేదు. మాటే.

జూన్ 20

సర్జన్ గొంతు ఎంత మెల్లగా ఉంటుందంటే మా యార్డులో అయితే ఒక్క వంకాయ కూడా అమ్మలేడు. కుర్చీ ముందుకి లాక్కుని వినాల్సొచ్చింది.

"రెండు వైపులా ఉందమ్మా. గ్రంథి మొత్తం తీసేయాలి."

"సగం తీస్తే?"

"మిగిలిన సగం కోసం మళ్లీ రావాలి."

"క్యాన్సరా?"

"అనుమానం గట్టిగానే ఉంది. అదే అయినా ఈ రకం నెమ్మదిగా పాకుతుంది. తీసేస్తే బతుక్కి ఢోకా ఉండదు."

నేను గొంతు సంగతి అడిగాను. అడగడానికే కదా వెళ్లింది. మాట పలికించే నరం గ్రంథి వెనకనుంచి దాన్ని ఆనుకునే పోతుందట. చూసుకుంటూ పక్కకి తప్పించి తీస్తారట. ఎక్కువమందికి ఏమీ కాదట.

"తక్కువమందికి?"

కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "బొంగురుపోతుంది. కొందరికి కొన్నాళ్లకి తిరిగొస్తుంది. కొందరికి రాదు."

సీజను అయ్యాక వస్తానని చెప్పాను. టమాటా జోరు తగ్గాక.

"మీ టమాటా సంగతి ఆ గడ్డకి తెలీదమ్మా" అన్నాడు.

నాకు భయమేం లేదు. సీజను మధ్యలో దిమ్మె వదిలేసి పోయేవాళ్లు ఎవరుంటారు? యార్డులో నన్ను మైకు అంటారు. కొత్తగా వచ్చిన వ్యాపారులకి నా అసలు పేరు తెలీదు. అందరూ మైకులు పెట్టుకుంటే నేను మాత్రం ఉత్త గొంతుతో యార్డు ఆ చివరిదాకా వినిపిస్తాను. ఇదంతా ఆ సర్జన్‌కి ఎలా చెప్పేది.

జూలై 1

గొంతు బాగానే ఉంది.

జూలై 9

వెల్లకిలా పడుకుంటే ఊపిరాడ్డం లేదు. రెండు దిండ్లు వేసుకుంటే బాగానే ఉంటుంది.

జూలై 15

ఇవాళ మంచి టమాటా లాటు వచ్చింది. ఎర్రటి గట్టి కాయ. నలుగురు పోటీ పడ్డారు. ఒకటోసారి, రెండోసారి అన్నాను. మూడోసారి అనబోతే గొంతు పగిలి కీచుమంది. ముందు వరసలో హోటళ్లకి సప్లయి చేసే బట్టతల ఆయన నవ్వాడు. వెనక ఇంకొందరు నవ్వారు. నేనూ నవ్వాను.

వదిన నవ్వలేదు. చీటీ రాయకుండా నా మెడవైపే చూస్తూ కూచుంది.

జూలై 16

ఆయనకి తెలిసిపోయింది. చెప్పింది వదిన కాదు, దర్జీ. బస్సు ఆపి కోటు తీసుకుందామని వెళ్తే "మేడమ్‌గారి మెడ సంగతి ఏం తేలిందండీ" అని అడిగాడట.

ఇంటికొచ్చి కోటు కుర్చీ మీద వేసి కూర్చున్నాడు. రిపోర్టులు తెచ్చి చేతికిచ్చాను. ఒక్కో కాయితం రెండు వైపులా చదివాడు. వెనక వైపు ఏమీ లేకపోయినా తిప్పి చూశాడు.

"ఊరందరికీ వినపడేట్టు అరుస్తావు. నాకొక్కడికి చెప్పలేకపోయావా?"

సీజను గురించి చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు. "నీ సీజను తగలెయ్య" అన్నాడు. పెళ్లయ్యాక ఆయన నోట అలాంటి మాట వినడం ఇదే మొదలు. తర్వాత వెళ్లి స్నానం చేసొచ్చి, ఆపరేషన్ ఎప్పుడో కనుక్కుంటానని ఫోన్ తీసుకుని వరండాలోకి పోయాడు.

జూలై 18

దిమ్మె సంగతి తేలాలి. నెల దాటి ఖాళీగా ఉంటే యార్డు కమిటీ ఇంకొకళ్లకి ఇచ్చేస్తుంది. ఉల్లిపాయల కాంట్రాక్టరు తన బావమరిదికి ఇప్పించుకోవాలని ఎప్పట్నుంచో కాచుకుని ఉన్నాడు.

అన్నాల దగ్గర వదిన అంది, "నువ్వొచ్చేదాకా వేలంపాట నేను నడుపుతాలే."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు. ఆవిడ గొంతు పక్కగదిలోకే వినపడదు.

"మైకు పెట్టుకుంటా" అంది. నన్ను కాదు, అసలు మైకు.

సరేనన్నాను. వేరే దారేముంది. ఆవిడ మీద నాకేం అనుమానం లేదు. నా చోటు ఎక్కడికీ పోదు.

జూలై 23

ఆసుపత్రి. రేపు పొద్దున్నే ఆపరేషన్. ముక్కులోంచి సన్న గొట్టం పంపి మాట పలికించే తీగలు రెండూ ఎలా ఆడుతున్నాయో చూశారు. తెర మీద నాకూ చూపించారు. లేత గులాబీ రంగులో రెండు, తెరుచుకుని మూసుకుంటున్నాయి. వీటితోనా ఇన్నేళ్లూ ఇన్ని లారీల సరుకు అమ్మాను అనిపించింది.

అమ్మాయికి చెప్పలేదు. హాస్టల్లో ఉంది, పరీక్షలు.

జూలై 25

అయిపోయింది. మెడలోంచి గొట్టం వేలాడుతోంది.

నీళ్లు అడగబోయాను. సైకిల్ ట్యూబులోంచి గాలి పోయినట్టు వచ్చింది. అంతే. మాట లేదు.

జూలై 26

సర్జన్ వచ్చాడు. నరం తెగలేదట, తన కళ్లతో చూశాడట. కానీ గడ్డ దాన్ని అంటుకుని ఉంటే విడదీయాల్సొచ్చిందట. "వాచి ఉంటుంది. కొన్ని నెలలు ఓపిక పట్టాలి" అన్నాడు. ఈసారి ఆయన గొంతు నాకు చాలా పెద్దగా వినపడింది.

మెడలోనే బియ్యపు గింజలంత గ్రంథులు ఇంకో నాలుగు ఉంటాయట, ఒంట్లో కాల్షియం చూసుకునేవి. అవీ దెబ్బ తిని ఉంటాయి కాబట్టి మాత్రలు మానొద్దని, పెదాల చుట్టూ, వేళ్ల చివర చీమలు పాకినట్టుంటే వెంటనే రమ్మని చెప్పాడు. మా ఆయన తల ఊపాడు. నేనూ ఊపాను.

జూలై 29

ఇల్లు. అమ్మాయి ఫోన్ చేసింది. మా ఆయన స్పీకరు పెట్టాడు.

"అమ్మ నిద్రపోతోందిరా" అన్నాడు.

"పొద్దున పదకొండింటికి అమ్మ నిద్రపోతోందా? నాన్నా, ఏమైంది?"

ఆయన నావైపు చూశాడు. నేను నోరు తెరిచాను. అవతల దానికి గాలి వినపడింది కాబోలు. "అమ్మా? అక్కడున్నావా?" అంటూనే ఉంది. ఆయన అంతా చెప్పేశాడు. అది ఏడ్చింది. నేను ఇక్కణ్నుంచి ఏడవకే అనడానికి కూడా లేదు.

ఆగస్టు 1

వదిన యార్డు నుంచి వచ్చి వేణ్నీళ్లు తాగి పైకి పోతోంది. ఏం జరిగిందో ఒక్క ముక్క చెప్పదు. ఆయన కనుక్కొచ్చాడు. ఒకే లాటు రెండుసార్లు పాటకి పెట్టిందట. మైకు కుయ్యిమని గోల చేస్తే చెవులు మూసుకుని వెళ్లిపోయారట జనం.

నాకేం సంతోషం కాలేదు. ఊరికే నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి.

ఆగస్టు 4

ఒక టమాటా రైతు చూడ్డానికి వచ్చాడు. పొడుగాటి మనిషి, వంగి గుమ్మం దాటాడు. ఎన్నేళ్లుగానో నా దిమ్మెకే సరుకు తెస్తాడు. కాసేపు కూచుని, ఏం మాట్లాడాలో తోచక వదినని మెచ్చుకున్నాడు.

"ఆవిడ కంగారు పెట్టదమ్మా. నిదానంగా నడుపుతుంది. కొనేవాడికి ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. మాకూ నాలుగు రాళ్లు ఎక్కువే వస్తున్నాయి."

మంచిదేగా. నేను తల ఊపాను. ఆయన పోయాక పడుకున్నాను.

వదిన మీద నాకేం కోపం లేదు.

ఆగస్టు 5

కాల్షియం మాత్రలు సుద్దముక్కల్లా ఉన్నాయి. మింగితే కుట్లలో ఇరుక్కున్నట్టుంది. ఒంట్లో బాగానే ఉంది కదా, మానేశాను. తీసేసిన గ్రంథికి బదులుగా తెల్లారి పరగడుపున వేసుకునే చిన్న మాత్ర ఒక్కటే వేసుకుంటున్నాను.

వదిన అడిగింది, "మాత్రలు వేసుకుంటున్నావా?" తల ఊపాను.

ఆగస్టు 7

మూతి చుట్టూ చిమచిమ. నీరసం వల్ల. సర్జన్ చీమల గురించి ఏదో అన్నాడు. అందరికీ చెప్పేదే అది.

రేపు యార్డుకి వెళ్లి చూసొస్తాను. ఊరికే, దూరం నుంచి.

ఆగస్టు 10

నిన్నటిదాకా కలం పట్టుకునే సత్తువ లేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఎనిమిదో తారీకు పొద్దున ఆయన బస్సు తీసుకుపోగానే బయల్దేరాను. యార్డులోకి వెనక గేటు నుంచి వెళ్లి, బంగాళాదుంప బస్తాల వెనక నిలబడ్డాను. ఎవరూ చూడలేదు. లారీలు వెనక్కి వస్తున్నాయి, హమాలీలు తప్పుకోండి తప్పుకోండి అని కేకలు, నాలుగు దిమ్మెల మీద నాలుగు పాటలు. ఇన్నేళ్లూ ఆ గోలని పైనుంచి విన్నాను. కింద నిలబడితే ఇంత ఉంటుందని తెలీదు.

వదిన నా దిమ్మె మీద ఉంది. మైకు నోటికి దూరంగా పట్టుకుని, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడుతోంది. "ఆ వెనకాయన, పాడతారా, లేదా? తొందరేం లేదు, కాయ చేత్తో పట్టుకుని చూడండి" అంటోంది. జనం నిజంగానే కాయ పట్టుకుని చూస్తున్నారు. నేనెప్పుడూ ఎవర్నీ చూడనివ్వలేదు. వాళ్ల ఊపిరి తిరిగేలోపు మూడోసారి అనేసేదాన్ని.

అప్పుడు వేళ్లు పట్టేశాయి. ముందు కుడి చెయ్యి. బొటనవేలు లోపలికి పోయి, మిగతావి దాని మీద బిగుసుకుని కోడి ముక్కులా అయింది. విప్పుదామని ఎడమ చెయ్యి సాయం తెస్తే అదీ అలాగే అయింది. మూతి లాగేసింది. పిక్కలు రాళ్లయ్యాయి. ఒక హమాలీ బస్తా మోసుకుంటూ చెయ్యి చాపితే అందేంత దగ్గరగా పోయాడు. పిలిచాను. గాలి వచ్చింది. ఇంకొకడు పోయాడు. మళ్లీ పిలిచాను. పక్కన మనిషి చచ్చిపోతున్నా ఆ గోలలో ఎవరికీ వినపడదు.

బస్తాలకి ఆనుకుని అలాగే కిందికి జారాను.

"ఒకటోసారి" అంది వదిన. "రెండోసారి…"

ఆగిపోయింది. మైకులో ఏమీ రాలేదు. రెండోసారి తర్వాత పాట ఆపితే ఆ రోజుకి ఆ లాటు పోయినట్టే, మళ్లీ పెట్టకూడదు. చంటిపిల్లాడికి కూడా తెలుసు యార్డులో. లాటు ఆ పొడుగాటి రైతుదే. "ఏమ్మా, ఏమైంది, చెప్పు" అని అరుస్తున్నాడు.

"పాట లేదు" అంది వదిన మైకులో. "బస్తాల దగ్గరున్నవాళ్లు వెనక్కి చూడండి. మనిషి పడిపోయింది. మా మనిషి."

అందరూ ఒక్కసారి నావైపు తిరిగారు. వదిన మెట్లు దిగలేదు, దిమ్మె మీంచి దూకింది. ఆ వయసులో. ఆసుపత్రిలో దింపేదాకా నా బిగుసుకున్న చేతుల్ని తన చేతుల్లో పెట్టుకుని రుద్దుతూనే ఉంది.

"మాత్రలు వేసుకున్నావా?" అని మళ్లీ అడిగింది.

అడ్డంగా తల ఊపాను.

వదిన నర్సుకి చెప్పింది, "కాల్షియం మాత్రలు మానేసిందమ్మా, ఈ మధ్యే గ్రంథి తీశారు." సిరంజి నరంలో పెట్టి చాలా నెమ్మదిగా ఎక్కించారు. ఒళ్లంతా వేడిగా పాకింది. వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి.

ఆయన వచ్చేదాకా వదిన మంచం పక్కనే కూచుంది. కాలు బెణికి వాచింది, పట్టించుకోలేదు.

"నువ్వొచ్చావని మొదట్నుంచీ తెలుసు. బస్తాల సందులో నీ చెప్పులు కనపడ్డాయి. చూడనీ అనుకున్నా" అంది. దుప్పటి నా కాళ్ల మీదికి లాగుతూ అంది, "నీ చోటు నాకొద్దు. నువ్వు రాగానే దిగిపోతా. కానీ అక్కడ నిలబడితే నాకు బాగుంటోంది. లేదని అబద్ధమాడను."

జవాబు చెప్పడానికి నాకు గొంతు లేదు. ఉంటే ఏదో ఒకటి అనేసేదాన్ని. మంచి మాట మాత్రం అయ్యేది కాదు.

ఆగస్టు 11

ఆయనకి దగ్గరగా రమ్మని సైగ చేసి చెవిలో చెప్పాను, భయమేసిందని.

"ఎప్పుడు, యార్డులోనా?"

జూన్ నుంచీ, అన్నాను.

ఆగస్టు 19

గ్రంథి రిపోర్టు వచ్చింది. క్యాన్సరే. కానీ లోపలే ఉంది, బయటికి పాకలేదు. ప్రస్తుతానికి వేరే వైద్యం అక్కర్లేదు, పరీక్షలకి వస్తూ ఉంటే చాలన్నాడు సర్జన్.

మళ్లీ ముక్కులో గొట్టం. కుడి తీగ ఆడుతోంది. ఎడమది గోడకి చేరి కదలకుండా నిలబడి ఉంది. మాటలు నేర్పే అమ్మాయి దగ్గరికి పంపారు. మెడ కాస్త ఎడమకి తిప్పి, చిన్న చిన్న మాటలు, ఊపిరి తీసుకుంటూ చెప్పమంది. అలా చెప్తే గాలిలో కొంచెం మాట కలుస్తోంది. యార్డులో అరవగలనా అని అడిగాను. ఆ అమ్మాయి కళ్లు దించుకుని, "ముందు ఇంట్లోవాళ్లకి వినపడేలా చూద్దాం ఆంటీ" అంది.

ఆగస్టు 22

పాట మధ్యలో ఆపినందుకు వదినకి కమిటీ నుంచి పిలుపు. కాంట్రాక్టరు పట్టుబట్టాడు. రూలు రూలేనట. మనసు అంత మెత్తనిదైతే ఇంట్లో కూచోవాలట. మీటింగు సోమవారం. వదిన తను ఒక్కతే వెళ్తానంది. ఇందులో నేను రావాల్సిన పని లేదంది.

ఆగస్టు 25

వెళ్లాను.

షెడ్డు నిండా జనం. సెక్రటరీ ముందు ఫిర్యాదు చదివాడు. కాంట్రాక్టరు లేచి చాలాసేపు మాట్లాడాడు. వదినని అడిగితే, "మనిషి పడిపోతే ఆపాను. రేపు ఇంకెవరు పడిపోయినా ఆపుతాను" అని కూర్చుంది. అది విని కాంట్రాక్టరు చూశారా చూశారా అన్నాడు.

నేను చెయ్యెత్తాను. సెక్రటరీ, "మీరు పలకలేరు కదమ్మా, ఏదైనా ఉంటే మీవారు చెప్తారు" అన్నాడు. మా ఆయన నావైపు చూసి, "తనే చెప్తుంది" అన్నాడు.

మెడ ఎడమకి తిప్పాను. మొదటి మాట ఎవరికీ వినపడలేదు. నలుగురు ఏంటేంటి అన్నారు. బట్టతల ఆయన లేచి వెళ్లి ఫ్యాన్లు కట్టేశాడు. ఎవరో తలుపు బయట ఇంజను ఆపమని లారీ వాడికి చెప్పొచ్చారు. కుర్చీలు కిర్రుమనడం కూడా ఆగింది. ఆ షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

చెప్పాను. "నేను ఇక పాట నడపలేను."

ఊపిరి తీసుకున్నాను.

"దిమ్మె ఆవిడ పేరున రాయండి."

అంతకన్నా రాలేదు. ఇంటి దగ్గర ఇంకా చాలా అనుకున్నాను.

సెక్రటరీ ఆ పొడుగాటి రైతుని, నష్టపోయినవాడివి నువ్వేమంటావ్ అని అడిగాడు. ఆయన లేచాడు. "ఆ రోజు నా నోటికి అందిన బూతులన్నీ తిట్టాను ఆవిడ్ని. తర్వాత ఎవరు పడిపోయారో చూశాను" అన్నాడు. "నా సరుకు ఆవిడ దిమ్మెకే తెస్తాను."

చేతులెత్తమన్నారు. కాంట్రాక్టరు లెక్క పూర్తయ్యేదాకా కూడా కూచోలేదు.

బయటికొచ్చాక వదిన నాతో, "దిగిపోతానన్నాను కదే, ఎందుకిచ్చావ్" అంది. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. ఎవరైనా అడిగితే ఇచ్చినందుకు సంతోషమనే చెప్తాను. ఇవాళ మాత్రం కాదు.

సెప్టెంబరు 4

వదిన పిలిచింది. సరుకు దిగేటప్పుడు చూసి రకం చెప్పే మనిషి కావాలట. తనకి కాయ తెలీదట. ఇన్నేళ్లు పక్కన కూచుని తెలీదా అన్నాను. "నీ అరుపులకి చెవులు మూసుకుని కూచునేదాన్ని, కాయెక్కడ చూశాను" అంది.

సెప్టెంబరు 9

దిమ్మె కింద, తూకం దగ్గర నిలబడుతున్నాను. పైన వదిన పాట నడుపుతోంది. మొదటి రెండు రోజులు పైకి చూడలేదు.

ఇవాళ పొడుగాటి రైతు వచ్చాడు. బుట్టలు విప్పించి అడుగు కాయ తీసి చూశాను. రెండో రకం అన్నాను. వినపడక వంగాడు. మళ్లీ చెప్పాను. నా చెవి దగ్గరికి నోరు తెచ్చి, రహస్యం చెప్పినట్టు, "మొదటి రకమేనమ్మా, సరిగ్గా చూడు" అని గుసగుసలాడాడు.

"నువ్వెందుకయ్యా గుసగుసలు? నీ గొంతు బాగానే ఉందిగా" అన్నాను.

ఆయన బిత్తరపోయి, మళ్లీ గుసగుసగానే, "అవును కదూ" అన్నాడు. తూకం వేసేవాడు నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. గాలితో కలిసి చిన్న చప్పుడు వచ్చింది, నవ్వులాగే ఉంది.

ఇద్దరం తలలు దగ్గరపెట్టుకుని చాలాసేపు పోట్లాడుకున్నాం. చివరికి రెండో రకమే రాయించాను.